పన్నెండో తలుపు

కొంతమంది కుర్చీలో కూర్చున్నా కూర్చున్నట్టుండరు. చీమది ఆ జాతి. అది అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు. చిన్నప్పుడు ఒక చోట కూర్చుని నాలుగు ముద్దలు తిన్న పాపాన పోలేదని, ముద్దకో గది తిరిగేదని, వాళ్ళక్క పెట్టింది. పేరు పెట్టడం తేలికే, వదిలించుకోవడమే కష్టం. సర్వే ఆఫీసులో చేరిన మూడో రోజుకే అక్కడా అదే ఖాయమైపోయింది.

ఆ మధ్యాహ్నం చీమ బల్ల ముందు కూర్చుని కాలు ఊపుతోంది. బల్ల మీద ముప్పై రెండు షీట్లు. ఒక్కో షీటు ఒక్కో ఇల్లు. ఆ పక్కనే నీలం అట్ట వేసిన రిపోర్టు. మర్నాడు పదకొండు గంటలకి అది మునిసిపల్ ఆఫీసుకి వెళ్ళాలి. మొదటి పేజీలో, కింద, ఇన్‌ఛార్జి అన్నచోట చీమ సంతకం. మూడేళ్ళు ఎండల్లో ఇంటింటికీ తిరిగి తలుపులు కొట్టాక దొరికిన మొదటి ఇన్‌ఛార్జి పని. ఇది సవ్యంగా ఒడ్డెక్కితే ఆ కుర్చీ తనదేనని మేడం నోటితో చెప్పింది. మేడం అంటే ఆఫీసు పెట్టినావిడ. ఊరికే మాటిచ్చే మనిషి కాదు.

సర్వే సంగతి ఇదీ. ఊరి చివర నాలుగు పెద్ద బ్లాకులున్నాయి, దువ్వెన పళ్ళలాగా పక్కపక్కనే, ఒకే పొడుగాటి గోడకి ఆనుకుని. గోడ అవతల ఐసు ఫ్యాక్టరీ. ఇదివరకు పగలే నడిచేది. మూడు నెలల నుంచి రాత్రిళ్ళు కూడా నడుపుతున్నారు, చూద్దామని ఇచ్చిన పర్మిషను మీద. ఇప్పుడా పర్మిషను శాశ్వతం చెయ్యాలా వద్దా? జనానికి నిద్ర పడుతోందా లేదా? అది కనుక్కు రమ్మన్నారు.

ముప్పై రెండు ఇళ్ళలో ముప్పై ఇళ్ళవాళ్ళు శుభ్రంగా నిద్రపోతున్నారు. మిగతా ఇద్దరిలో ఒకావిడకి పంటి నొప్పి, ఒకాయనకి పెళ్ళాం గురక. ఫ్యాక్టరీని ఒక్కరూ పల్లెత్తు మాట అనలేదు.

మేడం చదివి, “చాలా శుభ్రంగా వచ్చిందే!” అంది.

ఆ మాటే చీమకి పడటం లేదు. కాల్లో ముల్లు గుచ్చుకుంటే తీసి పారెయ్యొచ్చు. ఎక్కడ గుచ్చుకుందో తెలియకపోతే ఏం చేస్తుంది? కాలు ఊపుతుంది. మూడేళ్ళలో చీమ వేల తలుపులు కొట్టింది. జనం ఇంత ఐకమత్యంగా ఒక మాట మీద నిలబడటం ఎక్కడా చూడలేదు. నీళ్ళు తడిగా ఉంటాయా అని అడిగినా, ‘మా మరిదిని అడిగి చెప్తా’ అనేవాడు ఒకడుంటాడు.

షీట్లు మళ్ళీ తిరగేసింది. ఒకదాంట్లో ఇంటివాళ్ళ సంతకం లేదు. రెండో బ్లాకు, నాలుగో అంతస్తు, పన్నెండో తలుపు. సంతకం లేని షీటు చెల్లదు. చీమ ప్రాణం లేచొచ్చింది. ఎవరైనా పని మిగిలిపోయిందంటే ఏడుస్తారు, ఇది సంచీ భుజాన వేసుకుని ఎగురుకుంటూ బయల్దేరింది.

రెండో బ్లాకు దగ్గర దిగేసరికి లిఫ్టు తలుపుకి అడ్డంగా తాడు కట్టుంది. లోపలెవరో సుత్తితో కొడుతున్నారు.

“మెట్లు ఎక్కడండీ?” అని అడిగింది.

“అటు చివర,” అంది సుత్తి.

ఆరు రోజులు ఆ బ్లాకుల్లో తిరిగింది చీమ. మెట్లు ఎక్కడున్నాయో తెలియదు. తెలియాల్సిన అవసరం రాలేదు. లిఫ్టు ఎక్కడం, దిగగానే ఎదురుగా ఉన్న పన్నెండో తలుపు కొట్టడం, మళ్ళీ లిఫ్టు. ఇంత సుఖమైన సర్వే పగవాళ్ళకి కూడా దొరకదు.

నడవా పొడుగునా నడిచి, అటు చివర మెట్లెక్కడం మొదలుపెట్టింది. రెండో అంతస్తు దాకా తన ఆయాసమే అనుకుంది. మూడో అంతస్తులో ఆగి ఊపిరి పీల్చుకుంది. ఆయాసం తగ్గింది కానీ హోరు తగ్గలేదు. మెట్ల పక్క ఇనుప కమ్మీ మీద చెయ్యి వేస్తే అరచెయ్యి జివ్వుమంది.

నాలుగో అంతస్తులో ఒకటో తలుపు బార్లా తెరిచుంది. లోపల ఒక పెద్దావిడ కుట్టు మిషను ముందు కూర్చుని ఉంది. మిషను కాళ్ళ కింద నాలుగు మడతలేసిన దుప్పటి. గుండుసూదులు బల్ల మీద ఒక్కొక్కటే అంచు దాకా నడుచుకుంటూ పోతుంటే, ఆవిడ చూడకుండానే ఎడం చేత్తో వెనక్కి తోస్తోంది, ఈగల్ని తోలినట్టు.

“ఎవరమ్మాయ్? లిఫ్టు దొరసానివి నువ్వేనా?” అంది గట్టిగా.

“ఎవరండీ?”

“నువ్వే! చేతిలో అట్ట, భుజాన సంచీ. పోయిన వారమంతా ఆ చివరే దిగావు, ఆ చివరే ఎక్కావు. మా వైపు మొహం తిప్పితే మెడ పట్టేస్తుందా?”

“అలా కాదు పిన్నిగారూ. మేం అందర్నీ అడగం. లాటరీ వేసినట్టు కొన్ని ఇళ్ళు తీసుకుంటాం. మీ ఇల్లు రాలేదు.”

“పక్కది?”

“రాలేదు.”

“దాని పక్కది?”

“...రాలేదండీ.”

“మా బాబే, ఏం లాటరీ అమ్మా అది! ఈ పక్క మనుషుల్ని చూస్తే దడుచుకునే లాటరీ!” ఆవిడ నవ్వింది. కళ్ళ కింద సంచులు చూస్తే నవ్వి ఎన్నాళ్ళయిందో అనిపించింది. “నా మిషను చూశావా? నేను తొక్కకముందే కదులుతుంది. ఇదివరకు రాత్రిళ్ళు కుట్టుకునేదాన్ని, మూడు నెలలైంది నేను తిన్నగా కాజా కుట్టి. రాత్రి మంచం నన్ను మోసుకుని తలుపు దాకా తీసుకొస్తుంది. పొద్దున్నే మళ్ళీ గోడవైపు జరుపుకుంటా.”

చీమ చెయ్యి సంచీలో పెన్ను దాకా వెళ్ళి వెనక్కి వచ్చింది. షీట్లో లేని ఇంటివాళ్ళ మాట రాసుకోకూడదని రూలు. ఆ రూలు కొత్తవాళ్ళందరికీ తనే నేర్పింది.

“వస్తానండీ,” అని నడవాలోకి వచ్చింది.

రెండో తలుపు. మూడు. నాలుగు. చెవులు రిక్కించి నడుస్తోంది. అయిదో తలుపు దగ్గర అరికాళ్ళకి జివ్వుమనడం తగ్గింది. ఏడు దగ్గర హోరు కాస్తా గొణుగుడైంది. తొమ్మిది దగ్గర ఎవరి ఇంట్లోనో కుక్కర్ కూత వినపడింది. పన్నెండో తలుపు దగ్గరికి వచ్చేసరికి గాలి, కిటికీ మీద పిచ్చుక. అంతే.

చీమ అక్కడే కొయ్యబారిపోయింది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి కదలకుండా నిలబడింది.

అంతస్తుకి పన్నెండు తలుపులు. తను లెక్కపెట్టింది పన్నెండుకొకటి. ఒక పన్నెండో తలుపు నుంచి పన్నెండు తలుపులు లెక్కపెడితే ఏమొస్తుంది? పై అంతస్తులో మళ్ళీ పన్నెండో తలుపే వస్తుంది. నాలుగు బ్లాకులు, ఎనిమిదేసి అంతస్తులు. ముప్పై రెండుసార్లు ఒకే తలుపు. ముప్పై రెండుసార్లూ గోడకి అందరికంటే దూరం.

సంతకం సంగతి మరిచిపోయి, మెట్లు రెండేసి దిగుతూ పరిగెత్తింది.

పరుగు అక్క వాళ్ళింటికి. ఎందుకంటే ఆ లెక్క పుట్టింది అక్కడే. రెండు వారాల కింద ఆదివారం, అక్క వాళ్ళ వంటింట్లో. మొత్తం మూడు వందల ఎనభై నాలుగు ఇళ్ళు, కావాల్సినవి ముప్పై రెండు, భాగిస్తే సరిగ్గా పన్నెండు. శేషం సున్నా. అప్పుడు చీమ చప్పట్లు కొట్టింది. లెక్క శేషం లేకుండా వచ్చిందంటే మామూలు మనిషి ఒకసారి వెనక్కి తిరిగి చూసుకోవాలి, చప్పట్లు కొట్టకూడదు. మొదలు ఏ తలుపుతో పెట్టాలో తేల్చడానికి ఒకటి నుంచి పన్నెండు దాకా చీట్లు రాసి తీయాలి. చీట్లు రాసింది బావ. స్టీలు గ్లాసులోంచి తీసింది చీమ. వచ్చింది పన్నెండు.

బావకి తాళాలు బాగుచేసే కొట్టుంది. మనిషికి నోట్లో తాళం చెవి తప్ప మంచి మాట ఉండదని అక్క అంటుంది. చీమ వగరుస్తూ వెళ్ళేసరికి ఇంట్లోనే ఉన్నాడు, ఒక పాత తాళాన్ని ఒళ్ళో పడుకోబెట్టుకుని.

“ఏం మరదలా, వెనక కుక్కలు పడ్డాయా?”

“బావా, ఆ రోజు చీట్లు సరిగ్గానే రాశావా?”

బావ తాళంలోకి తొంగి చూశాడు. ఆ తాళంలో అంత చూడాల్సింది ఏమీ లేదు.

“బావా!”

“రాశాను. పన్నెండు చీట్లు.”

“వాటి మీద ఏం రాశావు?”

“పన్నెండు.”

“అన్నిటి మీదా?”

“నా దస్తూరీకి పన్నెండు అందంగా వస్తుందే! పైగా ఆ బ్లాకుల్లో తాళాలు మార్చింది నేనేగా? లిఫ్టు పన్నెండు దగ్గరే ఉంటుంది. అటు చివర ఆ ఐసు మిషన్ల మోత. పాపం పిల్ల, కాళ్ళూ చెవులూ రెండూ నిలుస్తాయిలే అని...”

వంటింట్లోంచి అక్క గరిటెతో సహా వచ్చింది. “ఏం చేశావయ్యా?”

“సాయం చేశానే!”

“నీ సాయం తగలెయ్య! తాడు కొనిపెట్టి ఉరేసుకోమన్నట్టుంది!”

చీమ మాత్రం కుర్చీలో కూలబడి నవ్వుతోంది. బావకి భయం వేసింది. తిడితే బావుణ్ణు, నవ్వుతుందేమిటి? కానీ అది సంతోషం. దొంగ దొరికాడు! తప్పు తనది కాదు. మేడం దగ్గరికి వెళ్ళి, ‘మా బావ పరాచికం ఆడాడండీ, నాకేం తెలుసు’ అంటే సరిపోతుంది. కుర్చీ కుర్చీలాగే ఉంటుంది. బావని మేడం ముందు నిలబెట్టి నాలుగు తిట్టిస్తే ఆయనకీ సరదా తీరుతుంది.

ఆ సంతోషం అక్క మంచినీళ్ళు తెచ్చిచ్చేదాకా ఉంది. అక్క ఆసుపత్రి క్యాంటీన్లో వంట చేస్తుంది, రోజూ రెండు వందల మందికి. చదువు అయిదో క్లాసుతో ఆగిపోయింది, ప్రశ్నలు మాత్రం ఆగలేదు.

“ఒసేయ్ చీమా. ఈయన బుద్ధిగానే రాశాడనుకో. నీకు ఏడు వచ్చుంటే?”

“ఏడుతో మొదలుపెట్టేదాన్ని.”

“తర్వాత?”

“ఏడుకి పన్నెండు కలిపితే... పై అంతస్తులో ఏడో తలుపు.”

“ఆ పైన?”

చీమ నీళ్ళ గ్లాసు కింద పెట్టింది.

“ఒకటి వచ్చుంటేనో? అన్నీ ఆ గోడ పక్క ఇళ్ళే. ఊళ్ళో ఒక్కడికీ కంటి మీద కునుకు లేదని రాసేదానివి. అదీ అబద్ధమే కదే.” అక్క గరిటె గాల్లో తిప్పింది. “అన్నం ఉడికిందో లేదో మెతుకు పట్టి చూస్తాం. రెండు వందల మంది అన్నానికి కూడా మెతుకు చాలు. కానీ గరిటె అడుగు దాకా పోనిచ్చి తిప్పాకే పడతాం. పైపైన పట్టి చూసి వడ్డించామనుకో, అడుగున మాడింది ఎవడి కంచంలోకో పోతుంది. నువ్వు ముప్పై రెండు మెతుకులూ ఒకే చోట పట్టావు.”

“చీట్లదేం లేదు. పన్నెండుకొకటి అన్నదే తప్పంతా. ఆ లెక్క నాదే,” అంది చీమ నెమ్మదిగా.

బావ గొంతు సవరించుకున్నాడు. “పోనీ నా మీదకి తోసెయ్యి మరదలా. తిట్లు పడటం నాకు అలవాటే. మీ అక్క దగ్గర శిక్షణ పొందాను.”

చీమ అప్పటికే చెప్పులు వేసుకుంటోంది.

మేడం ఇంటికి బయల్దేరుతూ ఆఫీసు గది తాళం చేతిలో పట్టుకుని నిలబడి ఉంది. నీలం అట్ట రిపోర్టు చంకలో ఉంది. చీమ దారంతా మాటలు పేర్చుకుంటూ వచ్చింది. ఎదురుపడేసరికి పేర్చినవన్నీ కూలిపోయాయి.

“మేడం, అది తప్పు.”

“ఏది?”

“మొత్తం.”

మేడం మళ్ళీ లోపలికి వెళ్ళి కూర్చుంది. చీమ నిలబడే చెప్పింది. దువ్వెన పళ్ళు, గోడ, లిఫ్టు, పన్నెండు, గుండుసూదులు. బావ చీట్ల సంగతి కూడా చెప్పి, “అవి సరిగ్గా రాసినా ఇంతేనండీ,” అంది. మేడం ఒక కాగితం మీద నాలుగు గీతలు గీసి, వాటి మీద చుక్కలు పెట్టింది. చుక్కలన్నీ ఒక వరసలో నిలబడ్డాయి, స్కూల్లో ప్రార్థనకి నిలబడ్డ పిల్లల్లా.

“ఇది ఎవరెవరికి తెలుసు?”

“మా అక్కకి, బావకి.”

“చివర్లో ఒక ముక్క చేరిస్తే? ‘ఎంచిన ఇళ్ళు ఎక్కువగా ఒక వైపువి’ అని. చిన్న అక్షరాల్లో.”

చీమ బొటనవేలితో నేల రాసింది. ఆ చిన్న అక్షరాల్లో తన కుర్చీ ఉంది. అది తనకీ తెలుసు, మేడంకీ తెలుసు. నిజంగా అడుగుతోందో, పరీక్ష పెడుతోందో మేడం మొహం చూసి చెప్పడం ఎవడి వల్లా కాదు.

“ఎక్కువగా కాదు మేడం. అన్నీ. చిన్న అక్షరాలు ఎవరు చదువుతారండీ? రేపు పర్మిషను ఇచ్చేస్తారు. మన కాగితం చూసే ఇస్తారు.”

మేడం ఫోను తీసి నంబరు కలిపింది. అవతల మోగుతుండగా చీమ చేతిలో పెట్టింది.

“మునిసిపల్ ఆఫీసరుగారు. నువ్వే చెప్పు.”

ఎవరో “హలో” అన్నారు. “సార్, సర్వే ఆఫీసు నుంచి. రేపటి రిపోర్టు ఇవ్వలేం సార్. ఇళ్ళు ఎంచడంలో తప్పు జరిగింది. నేనే చేశాను.” అవతల చాలాసేపు ఏదో అన్నారు. చీమ “అవును సార్” అని ఆరుసార్లు, “లేదు సార్” అని ఒకసారి అంది. ఆఖరికి, “పది రోజులు సార్,” అని ఫోను పెట్టేసింది.

“ఏమన్నారు?” అంది మేడం.

“పదో రోజు దాటితే ఇంకో ఆఫీసు చూసుకుంటామన్నారు. ఇన్‌ఛార్జి ఎవరని అడిగారు.”

“ఏం చెప్పావు?”

“నేనేనని.”

“ఇవాళ్టి దాకా,” అంది మేడం. నీలం అట్ట చింపి, కాగితాలు బుట్టలో వేసింది. “ఈసారి ఇళ్ళు నేను ఎంచుతా, కంప్యూటర్లో. వరసా ఉండదు, లెక్కా ఉండదు, ఎక్కడ పడితే అక్కడ వస్తాయి. నువ్వు షీట్లు పట్టుకుని మెట్లెక్కు. ఆ కుర్చీ సంగతి నన్ను మళ్ళీ అడక్కు.”

చీమ అడగలేదు. కానీ మనసు చిల్లుపడ్డ కుండలా ఉంది. బస్సులో కిటికీ పక్క సీటు దొరికితే కూడా కూర్చోలేదు, దిగేదాకా నిలబడింది.

మూడు రోజుల తర్వాత పొద్దున పదింటికి మళ్ళీ రెండో బ్లాకు. లిఫ్టు బాగైంది. అయినా చీమ మెట్ల మీదే వస్తోంది. మేడం ఇచ్చిన జాబితాలో ఇళ్ళు చెల్లాచెదురుగా ఉన్నాయి, గుప్పెడు గింజలు విసిరినట్టు.

నాలుగో అంతస్తులో దర్జీ ఆవిడ గుమ్మంలోనే కాపు కాసింది. చీరకి దారాలు అంటుకుని ఉన్నాయి.

“రా రా! తొలి అంతస్తు నుంచి చూస్తున్నా నువ్వు ఎక్కి రావడం. లాటరీ మళ్ళీ వేశారటగా! రాసుకో. నా మంచం సంగతి ముందు రాసుకో!”

“పిన్నిగారూ...” చీమ జాబితా గుండెలకి హత్తుకుంది. “ఈసారి కూడా మీ నంబరు రాలేదండీ.”

దర్జీ ఆవిడ చీరకి అంటిన దారం ఒకటి పీకి పారేసింది. “నిన్ను ఇన్‌ఛార్జి పనిలోంచి తీసేశారట కదా? తాళాలు మార్చే మీ బావ లిఫ్టు బాగుచేసే అతనితో అన్నాడట. మా వైపు కోసం మాట్లాడావని.”

“మీ వైపు కోసం కాదండీ.”

“మరి దేనికి?”

“తప్పు రాశాను కాబట్టి.”

“ఏడిచినట్టుంది. సరే, పక్కిల్లు?”

“పక్కిల్లు వచ్చింది!”

“అద్గదీ! ఆయన చెప్తాడు చూడు.” దర్జీ ఆవిడ చీమ కంటే ముందే వెళ్ళి రెండో తలుపు రెండు చేతులతో బాదింది. “తాతగారూ! లేవండి! నిద్ర పడుతోందో లేదో అడగడానికి వచ్చారు!”

“పిన్నిగారూ, మీరేం చెప్పకూడదు. ఆయనే చెప్పాలి. మీరు లోపలికెళ్ళాలి.”

“చెప్పనులే. నిలబడటానికి కూడా పర్మిషనేనా?”

తలుపు తెరుచుకోవడానికి చాలాసేపు పట్టింది. ఒక ముసలాయన బయటికి వచ్చాడు. మొహం కడిగిన ముత్యంలా ఉంది. చెవిలో వినికిడి మిషను సర్దుకున్నాడు. చీమ ఆయన్ని లోపల కుర్చీలో కూర్చోబెట్టి, షీటు తీసి, మొదటి ప్రశ్న అడిగింది.

“పోయిన వారంలో రాత్రిళ్ళు ఎన్నిసార్లు మెలకువ వచ్చింది తాతగారూ?”

“మెలకువా? నాకా?” ముసలాయన బోసినోటితో నవ్వాడు. “పడుకునేటప్పుడు ఇది చెవిలోంచి తీసేస్తాను తల్లీ. ఇక లోకం మునిగినా నాకు తెలీదు. తెల్లారేదాకా ఒకటే నిద్ర. నా పెళ్ళయినప్పటి నుంచి ఇంత మంచి నిద్ర ఎరగను.”

గుమ్మంలో దర్జీ ఆవిడ నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. “ఓరి నాయనో! మంచం ఊగటం లేదా తాతా? అది చెప్పు!”

“ఊగుతుంది. చిన్నప్పుడు మా అమ్మ ఉయ్యాలలా.”

చీమ పెన్ను ఒక్క క్షణం ఆగింది. ఎదురుగా బల్ల మీద ఆయన మందు సీసా సన్నగా కదులుతూ అంచు వైపు వస్తోంది. చీమ ఎడం చేత్తో దాన్ని వెనక్కి జరిపి, ‘ఒక్కసారి కూడా లేదు’ అన్న గళ్ళో టిక్కు పెట్టింది. రెండో ప్రశ్న అడిగింది. ఆఖరికి సంతకం పెట్టించుకుంది.

“ఇదా నువ్వు రాసేది?” దర్జీ ఆవిడ మెట్ల దాకా వెంటపడింది. “దీనికోసమా కుర్చీ పోగొట్టుకున్నావు? ఆ చెవిటాయన మాట రాసుకుని, రెండు చెవులున్న నన్ను వదిలేస్తావా?”

“ఆయన కూడా ఇక్కడే ఉంటున్నాడు కదండీ.”

“నేనో?”

“మీలాంటివాళ్ళు పైన ఉన్నారండీ. అయిదులో ఒకటో తలుపు వచ్చింది. ఏడులో మూడోది వచ్చింది.”

“వాళ్ళకైనా చెవులున్నాయంటావా?”

“నాకేం తెలుసండీ,” అంది చీమ. నిజంగానే తెలియదు. షీటు సంచీలో పెట్టుకుని, కమ్మీ పట్టుకోకుండా, మెట్లు రెండేసి ఎక్కడం మొదలుపెట్టింది. కింది నుంచి దర్జీ ఆవిడ ఇంకా అరుస్తూనే ఉంది, అయిదో అంతస్తు ఒకటో తలుపు వాళ్ళని పేరు పెట్టి మరీ లేపుతూ.